ఉండనీ

కాచిగూడ చౌరస్తా వెనక, ప్రెస్సు మేడ మీద
ముప్పై ఒక్క ఏళ్లుగా నా పని ఒకటే:
ఎవరో రాసిన దాంట్లో తప్పులు ఏరడం.
ఒత్తు జారిన చోట, దీర్ఘం ఎగిరిపోయిన చోట
ఎర్రసిరాతో ఒక గీత, అంచున ఒక కొక్కెం.
శుభలేఖలో వరుడు పరుడైతే
పెళ్లివారికంటే ముందు నాకు కనబడాలి.

నా నెత్తుట్లో అక్షరం మాత్రం
నాకు కనబడలేదు.

ముప్పై నాలుగేళ్లప్పుడు ఎవరికో రక్తం ఇద్దామని పోతే
పరగడుపున నూట ఇరవై ఆరన్నారు.
అప్పట్నుంచి ఒక గోళీ, కొన్నాళ్లకు రెండు.
బక్కమనిషిని, యాభై ఆరు కిలోలు.
"నీకెట్లొచ్చిందిరా?" అని అడగనోడు లేడు.
చక్కెర లేని చాయ్ అంటే
హోటల్ ఖలీల్ భాయ్ చూపు
చావు కబురు విన్నవాడి చూపు.
ఉస్మానియా బిస్కెట్ ఒకటి కొరికి
దొంగలా మీసం తుడుచుకునేవాణ్ణి.

పదిహేనేళ్లు.
నూట ఇరవై ఆరు, నూట ముప్పై, నూట ఇరవై ఎనిమిది.
గోళీ మింగినా అంతే, మరిచినా అంతే,
బోనాలకు బెల్లమన్నం తిన్న మర్నాడూ అంతే.

నా భార్య అండాలుది వేరే లెక్క.
రెండొందలు దాటి పోతది, పడతది, మళ్లీ లేస్తది.
కాలికి చెప్పు ఉందో ఊడిందో ఆమెకు తెలియదు.
ఒకే కుక్కర్ల అన్నం, ఒకే డబ్బాల గోళీలు,
ఒకటే రోగమనుకున్నాం ఇద్దరం.

మొన్న ఎండాకాలం, కొత్త కొలువు కోసం
బిడ్డ రవళికకు పరీక్షలు చేశారు.
ఇరవై మూడేళ్లు. నూట ఇరవై ఏడు.
ఆ కాగితం పట్టుకుని తార్నాక బస్టాపులో
కూలబడ్డాను. మా బస్సులు రెండు పోయినయి.

డాక్టర్ తహసీన్ నా గోళీల గురించి అడగలేదు,
మా నాయన గురించి అడిగింది.
నాయన కంపోజిటర్. సీసపు అక్షరాలు ఏరి ఏరి
వేళ్లు నల్లబడ్డ మనిషి.
"జర షుగరున్నదట" అని నవ్వి జిలేబీ అందుకునేవాడు.
ఎనభై నాలుగేళ్లు. కళ్లు, కాళ్లు, కిడ్నీలు సాఫ్.
తాతను ఎవరూ సూదితో పొడవలేదు గనక తెలియదు.

నాదీ, బిడ్డదీ నెత్తురు ల్యాబుకు పోయింది.
నెల తర్వాత ఆమె మందుల చీటీ వెనక బొమ్మ వేసింది:
ఆకులాంటి క్లోమం, అందులో దీవులు,
దీవుల్లో తీపిని రుచిచూసే కావలివాడు.
తీపి ఇంత దాటిందా, తలుపు తీసి ఇన్సులిన్‌ను పంపాలి.
"ఒక్క అక్షరం మారి, మీవాడు
ఆ గీతను కాస్త పైన గీసుకున్నాడు.
ఆలస్యంగా లేస్తాడు. లేచాడా, పని పక్కా.
మీ ఆవిడకు ఒక్కటి కాదు, ఎన్నో చోట్ల చిన్నచిన్న మార్పులు,
వాటి మీద బతుకు బరువు. ఆమె మందు ఆపొద్దు.
మీరు ఆపేయండి. అమ్మాయి మొదలే పెట్టొద్దు,
కడుపుతో ఉన్ననాడు మాత్రం డాక్టరుకు చెప్పాలె."

"మరి తప్పు?" అన్నాను.
"ఉండనీండి" అన్నది.

ముప్పై ఒక్క ఏళ్లల్ల
ఎవరూ నాతో అనని మాట.

అన్న సుదర్శన్‌కు రాలేదు ఇది. ఆయనకు తొంభై రెండు.
నాయన ముక్కు ఆయనకు పోయింది, అక్షరం నాకొచ్చింది.
మా ఇంట్ల కొట్లాట లేకుండా పంచుకున్న ఆస్తి
ఇదొక్కటే.

పని నేర్పేటప్పుడు నాయన చెప్పిండు:
తప్పని కొట్టేసింది తప్పు కాదని తేలితే
గీతను గీకకు, కాగితం చిరుగుతది.
కింద చుక్కలు పెట్టు. ఉండనీ అని అర్థం.

రాత్రి రవళిక రిపోర్టు తీసి
నూట ఇరవై ఏడు చుట్టూ ల్యాబువాళ్లు చుట్టిన సున్నా కింద
మూడు చుక్కలు పెట్టాను.

వంటింట్ల అండాలు సూది వేసుకుంటున్నది.
పోయి, దూది పట్టుకొని నిలబడ్డాను.